గుడ్డ పక్కన అర్మాంద్

అర్మాంద్ బూవ్రే గురించి ఎవరైనా రాస్తారని మా ఊళ్ళో ఒక్కరూ అనుకోలేదు. రాయడానికి ఏముందని? పుట్టింది, పనిచేసింది, ఆదివారం పేకాటలో నోరు మెదపకుండా మా అందరినీ ఓడించింది. తీరా పారిస్ నుంచి ఒకడొచ్చి రాశాడు. రాసి, పెద్ద కాగితం మీద బొమ్మ గీసి, అందులో అర్మాంద్‌ని ఒక చుక్కగా పెట్టాడు. పక్కనే ఆమె వాడే ఉప్పునీళ్ళ గుడ్డకి ఇంకో చుక్క, సరిగ్గా అంతే సైజులో. అది చూసి ముందు నాకు ఒళ్ళు మండింది. తర్వాత అయోమయం పట్టుకుంది. మంట చల్లారింది గానీ అయోమయం మాత్రం ఈనాటికీ వదల్లేదు.

మాది జూరా కొండల మీద లా కోంబ్ అనే ఊరు. పాలు పోసే కొంపలు పంతొమ్మిది, అందులో నాదొకటి. మా ఆయన పోయాక తొమ్మిది ఆవుల్ని నేనే చూసుకుంటున్నాను. పొద్దునా సాయంత్రం అందరం పాలకేంద్రానికి పాలు మోస్తాం. రెజిస్ వాటిని రాగి కాగులో కాచి, విరిచి, రోజుకి నాలుగు చీజు చక్రాలు తీస్తాడు. ఒక్కోటి నలభై కిలోలు. అక్కడితో అతని పని సరి. నేలమాళిగలోకి దిగాక ఆ చక్రం ఆరు నెలలు అర్మాంద్ చేతిలో ఉండేది.

ఇరవై ఆరేళ్ళప్పుడు ఆ పనిలో చేరింది. రోజుకి నూటయాభై చక్రాలు దేవదారు బల్లల మీంచి లాగి, తిప్పి, ఉప్పునీళ్ళ గుడ్డతో రుద్ది, మళ్ళీ బల్లమీదకి తోసేది. మా మగవాళ్ళలో ఒక్కడు కూడా ఆమెతో చెయ్యి కలిపి బల్లమీద వంచలేడు. నేలమాళిగలో ముక్కుపుటాలు అదిరే వాసన. మోరే పట్నంలో కళ్ళద్దాల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక కుర్రవాడు పెళ్ళి చేసుకుంటానని రెండేళ్ళు తిరిగాడు. ఆ వాసన వదిలించుకోవాలంటే పని వదిలెయ్యమన్నాడు. ఆమె అతన్నే వదిలేసింది. పాలకేంద్రం పైన ఉన్న రెండు గదులు పనితోపాటు వచ్చాయి. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ రెండు గదుల్లోనే ఉంది. పనిపోతే గదులూ పోతాయి. వేరే ఇల్లు లేదు, ఆమెకి ఎవరూ కట్టివ్వలేదు.

పని నేర్పింది అంతకుముందున్న ముసలమ్మ. ముసలమ్మ చెప్పింది ఒక్కటే: వయసులో పెద్ద చక్రాలతో మొదలుపెట్టు, పసివాటితో ముగించు, గుడ్డ మార్చకు. ఎందుకని అర్మాంద్ అడగలేదు. అడిగితే ముసలమ్మకి తెలుసో లేదో నాకు అనుమానమే. "పెద్దవాళ్ళకి ముందు వడ్డిస్తాం కదే, అలాగే అయ్యుంటుంది" అనేది అర్మాంద్. ఆ గుడ్డ రంగు చూస్తే మా కుక్క కూడా దాని మీద పడుకోదు.

ఎనభై మూడు అక్టోబరులో పారిస్ నుంచి ఉత్తరం వచ్చింది. ఒక పండితుడు మా పాలకేంద్రాన్ని పరిశీలించి రాయడానికి వస్తున్నాడట. మా పాల సంఘం ప్రెసిడెంటు అనాతోల్ ఆ ఉత్తరాన్ని చర్చి మెట్ల మీద రెండుసార్లు చదివాడు.

"చూశారా, మన చీజుని చూడ్డానికి పారిస్ నుంచి వస్తున్నారు! కేంద్రం అద్దంలా ఉండాలి. పరువు పోయిందంటే ఊరుకోను."

వచ్చినవాడి పేరు జిల్దా. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మంచులోకి పలచటి బూట్లేసుకొచ్చాడు. బస మా ఇంట్లోనే. మా ఆయన బూట్లిస్తే వాటిలో రెండు జతల మేజోళ్ళు కుక్కి తొడుక్కున్నాడు. మంచి పిల్లవాడే, పెట్టింది తినేవాడు. కానీ మొదటి రోజు నుంచే నా బుర్ర తినడం మొదలుపెట్టాడు.

"ఈ సూపు ఎవరు చేస్తున్నారు మదామ్?"

"కళ్ళు కనపడట్లేదా నాయనా? నేనే."

"కుండ లేకుండా చెయ్యగలరా?"

"కుండ లేకుండా మీ తాత చేస్తాడు!"

"అదే నేననేది. అంటే కుండ కూడా చేస్తోంది కదా."

"అయితే ఈ పూట ఆ కుండనే అడిగి వడ్డించుకో."

నవ్వాడు. నవ్వుతూనే చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. నా తిట్టు రాశాడో, కుండని రాశాడో దేవుడికే తెలియాలి.

ఊరంతా ఇదే వరస. చీజు ఎవరు చేస్తారని అడిగాడు. రెజిస్ నేనన్నాడు. మేం మా ఆవులన్నాం. అనాతోల్ సంఘం అన్నాడు. జిల్దా అందరికీ తల ఊపి, గడ్డినీ, రాగి కాగునీ, బల్లల్నీ, ఉప్పు బస్తానీ, చివరికి మంచు పడితే మూసుకుపోయే రోడ్డునీ రాసుకున్నాడు. సమాజం అంటే ఒట్టి మనుషులు కాదట. మనుషులూ వస్తువులూ ఒకర్నొకరు పట్టుకుని నిలబడితే అదే సమాజమట. అందులో ఏది వదిలేసినా మిగతావి జారిపోతాయట. వస్తువు పట్టుకోవడమేమిట్రా నాయనా అని నేను రాత్రింబవళ్ళు ఆలోచించాను. తేలలేదు.

నేలమాళిగలో రెండు వారాలు అర్మాంద్ వెనకాలే తిరిగాడు. ఒకరోజు నేను కూడా అక్కడే ఉన్నాను.

"ఈ రెండు గుడ్డలెందుకు మదామ్?" అని అడిగాడు.

"ఒకటి పెద్దవాటికండి, ఒకటి పసివాటికి. పసివాటి గుడ్డ రోజూ ఉడకబెడతాను. శుభ్రం కోసం."

"ఈ గుడ్డ ఏం చేస్తుంది?"

"అదేం చేస్తుందండీ, చేసేది నేను. అది ఊరికే నా చేతిలో ఉంటుంది."

రెండు గుడ్డలు అని రాసుకున్నాడు. నేను గోడకేసి చూశాను.

క్రిస్మస్‌కి వెళ్ళబోతూ బొమ్మని బడిగదిలో బల్లమీద పరిచి అందరికీ చూపించాడు. నూటికి పైగా చుక్కలు, చుక్కకీ చుక్కకీ మధ్య దారాల్లా గీతలు. నేను ముందు నన్ను వెతుక్కున్నాను. మిగతా పాలవాళ్ళతో కలిపి నన్నొక చుక్కలో కుక్కాడు, సరే. తర్వాత అర్మాంద్‌ని చూశాను, గుడ్డని చూశాను, ఆగలేకపోయాను.

"ఇదేం అన్యాయం? మనిషికీ మసిగుడ్డకీ ఒకటే చుక్కా?"

"చిన్నా పెద్దా కాదు మదామ్. ఎవరు తప్పుకుంటే ఏది ఆగిపోతుంది అన్నదే ఇందులో లెక్క."

"ముప్పై ఏళ్ళ చాకిరీతో ఆవిడ నడుం విరిగింది. గుడ్డకి నడుముందా?"

అర్మాంద్ నా మోచెయ్యి గిల్లింది. "ఊరుకోవే సెలెస్తీన్. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అని, బొమ్మ మీదకి వంగి గీతల వెంట వేలు పోనిచ్చింది. "ఈ గీత ఎక్కడిదాకా పోతుంది బాబూ? గడ్డిదాకానా? అబ్బో!" మేమందరం వైన్ తాగడానికి వెళ్ళాక కూడా ఆమె ఆ బొమ్మ దగ్గరే ఉంది.

ఫిబ్రవరిలో దెబ్బ పడింది. పట్నం నుంచి చీజు కొనే మనిషి వచ్చి, చిన్న సుత్తితో చక్రాల్ని తట్టి చప్పుడు వింటూ పోయాడు. పాతవి బాగున్నాయన్నాడు. కొత్త వరసల దగ్గర ఆగి సుత్తి జేబులో పెట్టేసుకున్నాడు. వాటికి గోధుమరంగు పెచ్చు కట్టలేదు. జిగురు జిగురుగా, నల్లమచ్చలతో, అంచుల్లో పగిలి ఉన్నాయి. మూడు నెలల చీజు, పంతొమ్మిది కొంపల పాలు. ఒక్కటి కూడా తీసుకోనని వెళ్ళిపోయాడు.

ఇక చూడాలి మా ఊరి తీరు. రెజిస్ పాలు మంచివి కావన్నాడు. మేం కాగు తోమలేదన్నాం. ఎవరో దొంగతనంగా పులిసిన మేత పెడుతున్నారని ఒకరి కొట్టంలోకి ఒకరం తొంగిచూశాం. నాలుగు రోజులు అలా అరుచుకుని, అలిసిపోయి, నోట్లో నాలుక లేని మనిషి మీదకి తిరిగాం. పెచ్చు కట్టించాల్సింది ఎవరు? అర్మాంద్. ఇంకేముంది!

అదే వారం జిల్దా రెండో విడత వచ్చాడు. సంగతి విని అతని కళ్ళు మెరిశాయి. నిజం, మెరిశాయి.

"ఇదే కావాలి మదామ్! అన్నీ సవ్యంగా నడుస్తున్నంతసేపు ఏది దేన్ని పట్టుకుని ఉందో కనపడదు. తెగినప్పుడే కనపడుతుంది."

"నోర్ముయ్! నీకు చెలగాటం, అక్కడ దానికి ప్రాణసంకటం. ఈ ఆదివారం దాని పని తీసేస్తారు. ఏప్రిల్‌లో గదులు ఖాళీ చేయిస్తారు. యాభై ఏడేళ్ళ మనిషి, ఎక్కడికి పోతుంది?"

అతని మొహం పాలిపోయింది. సూపు ముట్టుకోకుండా లేచి నేలమాళిగకి వెళ్ళాడు. రెండు రోజులు రెజిస్‌తో కలిసి ఒక్కో చక్రం మీద తేదీ చూసుకుంటూ వచ్చాడు. నవంబరు మొదటి వారం దాకా తయారైనవన్నీ బంగారం. ఆ తర్వాతవన్నీ నాశనం.

ఆదివారం పూజ అయ్యాక బడిగదిలో కూర్చున్నాం. జిల్దా బొమ్మ నల్లబల్లకి వేలాడుతోంది. అనాతోల్ లేచాడు.

"ఎవరి చెయ్యి ఉందో ఇవాళ తేలాలి. కేంద్రంలో పనిచేసేవాళ్ళదైతే పని పోతుంది. పాలు పోసేవాళ్ళదైతే రేపట్నుంచి వాళ్ళ పాలు గడప దాటవు. సంఘం మొదలైన నాటి నుంచీ ఇదే పద్ధతి. ఒప్పుకుంటారా?"

అందరం ఒప్పుకున్నాం. నేనూ తలూపాను.

జిల్దా మాట్లాడాడు. ఒక్కళ్ళ చెయ్యి అనేది ఉండదన్నాడు. పాలు, ఉప్పు, బల్ల, గుడ్డ, మనిషి, అన్నీ కలిస్తేనే పెచ్చు కడుతుందని, కట్టకపోయినా అన్నీ కలిసే కట్టలేదని వేలితో గీతలు చూపించాడు. పావుగంట చెప్పాడు. గదిలో అందరి మొహాల్లోనూ పొగమంచే.

"అంటే తిలా పాపం తలా పిడికెడు అంటావు?" అన్నాడు అనాతోల్.

"దాదాపు అంతేనండి."

"దాదాపు అంటే కుదరదు బాబూ. చీటీ మీద ఒక పేరు రాయాలి నేను. బొమ్మంతా రాయమంటావా?"

నవ్వులు. జిల్దా నవ్వలేదు. "నవంబరు మొదటి వారంలో ఏదో మారింది. అదేమిటో నాకు అంతు చిక్కట్లేదు. గడ్డి, ఉప్పు, కాగు, ఏవీ మారలేదు" అన్నాడు.

"ఒకటి మారిందండి."

అర్మాంద్. ఆదివారపు నల్ల కోటు తొడుక్కుని వెనక వరసలో కూర్చుని ఉంది. లేచి నల్లబల్ల దాకా నడిచింది. సభలో ఆమె గొంతు వినడం నాకదే మొదటిసారి.

"ఇక్కడ రెండు చుక్కలున్నాయి. ఏమిటివి?"

"రెండు గుడ్డలు. మీరే చూపించారు కదా."

"మీరు రాకముందు ఒకటే గుడ్డ."

జిల్దాకి వెంటనే అర్థం కాలేదు. నాకైంది.

"ముప్పై ఏళ్ళు ఒకే గుడ్డతో పెద్దవాటిని రుద్ది, దాంతోనే పసివాటిని రుద్దాను. చూడ్డానికి అసహ్యంగా ఉండేది. మీరొస్తున్నారన్నారు. చదువుకున్నవాళ్ళెవరూ ఏనాడూ నా నేలమాళిగలో అడుగుపెట్టలేదు. సిగ్గేసింది. బల్లలన్నీ బ్లీచింగ్ పోసి తోమాను. పాత గుడ్డ పొయ్యిలో వేశాను. పసివాటికి కొత్త గుడ్డ, రోజూ ఉడకబెట్టి. మీ బొమ్మ చూసినప్పటి నుంచీ ఆలోచిస్తున్నాను, గుడ్డ ఏం చేస్తుందని అడిగారు కదా. పాలకి తోడు వేసినట్టు, పెద్దవాటి పెచ్చుని పసివాటికి మోసేది అదేనండి. నేను మొయ్యట్లేదు. అది ఆగింది, ఇవి ఆగాయి." బొమ్మ మీద అరచెయ్యి పెట్టింది. "అన్నీ రాశారు. మరి ఇందులో మీరెక్కడ బాబూ?"

జిల్దా బొమ్మకేసి తిరిగి ఆ మూల నుంచి ఈ మూల దాకా చూశాడు, నిజంగానే ఎక్కడో ఉన్నట్టు. చెవులు ఎర్రబడ్డాయి. "నేను లేను మదామ్," అన్నాడు మెల్లగా. తర్వాత అనాతోల్ వైపు తిరిగి, "నా పేరు కూడా రాయండి చీటీలో. నేను రాకపోతే ఇది జరిగేది కాదు," అన్నాడు.

"నీకిక్కడ పనీ లేదు, ఆవులూ లేవు. నీ దగ్గర్నుంచి ఏం తీసెయ్యాలి బాబూ?" అన్నాడు అనాతోల్. కేంద్రం అద్దంలా ఉండాలని చర్చి మెట్ల మీద అరిచింది తనేనని అతనికి గుర్తొచ్చిందో లేదో. గుర్తు చేసేవాళ్ళు లేరు. "అర్మాంద్, ఇది నీకు నువ్వుగా చేశావా? ఎవరైనా చెప్పారా?"

ఇక్కడ నా సంగతి చెప్పాలి. బ్లీచింగ్ సీసా మా వంటింటిది. నవంబరులో మొదటి మంచు పడిన రోజు నేనే మోసుకెళ్ళి ఇచ్చాను. "ఆ కంపు గుడ్డతో పసివాటిని కూడా రుద్దుతావేమే, సిగ్గులేదూ? పారిస్ మనిషి చూస్తే మనం పందులమనుకుంటాడు. వేరే గుడ్డ పెట్టు" అన్నాను. ముసలమ్మ మార్చవద్దందే అని నసిగింది. ముసలమ్మ చచ్చి ఇరవై ఏళ్ళయిందన్నాను. పాత గుడ్డని ఆమె చేతిలోంచి లాక్కుని పొయ్యిలో వేసింది కూడా నేనే. స్నేహితురాలు కదా, పరువుగా కనపడాలని ఆరాటం. అంతకుమించి నా మనసులో ఏమీ లేదు, ఒట్టు.

అర్మాంద్ నా వైపు చూడలేదు.

"నా బుర్రకే తట్టిందండి," అంది.

లేవాలనుకున్నాను. నా తొమ్మిది ఆవులు కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. అంతమంది చేతుల్లో, ఇన్ని గీతల్లో నా పాలు ఎంతలే అని కూడా అనుకున్నాను. ఆ కుర్రవాడి పాఠం అంతసేపూ తలకెక్కలేదు గానీ, సరిగ్గా నాకు పనికొచ్చేంత ముక్క ఆ క్షణంలో ఎక్కింది. తీసెయ్యాలనేవాళ్ళు చెయ్యెత్తండి అన్నాడు అనాతోల్. నేను ఎత్తలేదు. వద్దనేవాళ్ళు ఎత్తండి అన్నాడు. అప్పుడూ ఎత్తలేదు. తీసెయ్యాలన్న చేతులే ఎక్కువయ్యాయి.

ఏప్రిల్ దాకా ఆమె పనిలో ఉంది. మళ్ళీ ఒకటే గుడ్డ. పాత మంచి చక్రాల్ని ముందు రుద్ది, అదే గుడ్డతో పసివాటిని రుద్దింది. ఈస్టరు నాటికి కొత్తవాటికి గోధుమరంగు తిరిగింది. రెజిస్ ఒక సీసా వైన్ తెచ్చి ఆమె మెట్ల మీద పెట్టి, తలుపు తట్టకుండా వెళ్ళిపోయాడు. ఆమె స్థానంలో వచ్చిన కుర్రవాడికి పదిరోజులు పని నేర్పింది. ఈసారి ఎందుకో కూడా చెప్పింది.

ఆమె వెళ్ళే రోజు రెండు పెట్టెలూ నేనే నా బండిలో వేసుకుని బస్సు దాకా తీసుకెళ్ళాను. లోన్ పట్నంలో పినతల్లి కూతురి ఇంట్లో, మూడో అంతస్తులో, ఒక మంచం ఇస్తామన్నారట. బస్సు కనపడ్డాక ఏడుపొచ్చింది.

"నా పేరెందుకు చెప్పలేదే? చెప్పుంటే నీ గదులు నీకుండేవి కదే!"

"నీ పాలు ఆపేసేవాళ్ళు."

"ఆపితే ఆపనీ! నా తప్పే కదా!"

"వెర్రిదానా. నీ తొమ్మిది ఆవుల పాలు పోతే రోజుకి నాలుగు చక్రాలు రావు. కాగు నిండదు. నేను లేకపోయినా వాటిని రుద్దుతారు. పాలు లేకపోతే ఏం రుద్దుతారే?" అని నా తలగుడ్డ కొసతోనే నా మొహం తుడిచి, పెట్టెలు తనే ఎత్తుకుని బస్సెక్కింది.

మర్నాడు పొద్దున పాలు తీసుకెళ్ళాను. పోయించుకున్నారు.